బాపు లాన్‌లో గరక

ఆదివారం పొద్దున సమతని నిద్ర లేపింది పైపు నీళ్ల చప్పుడు. కిటికీ కింద వాళ్ళమ్మ అరుణమ్మ లాన్ తడుపుతోంది. రాత్రి జల్లు పడిందనీ, ఆకాశం ఇంకా మబ్బుగానే ఉందనీ ఆమెకి పట్టింపు లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపాలని గడ్డి పరిచిన నర్సరీవాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పింది చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో. ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది. అయినా అరుణమ్మ లెక్కలో అది డాక్టర్ రాసిన మందు లాంటిది. రాసినవాళ్ళే వచ్చి ఆపమని చెప్పాలి.

సమత మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం పని. ఒక్క ముక్కలో చెప్పాలంటే, అనుమానించడానికే ఆమెకి జీతం. వారమంతా హాస్టల్లో ఉండి, శనివారం మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి మొయినాబాద్‌లో దిగుతుంది. అక్కడ బాపు, అంటే వాళ్ళ నాన్న ప్రభాకర్, బండేసుకుని సిద్ధంగా ఉంటాడు. ఇంటికి చేరేలోపు ఆమె అడిగే మొదటి ప్రశ్న ఈ మధ్య ఒకటే.

"గరక పోయిందా బాపు?"

"పోతది," అంటాడు ప్రభాకర్. పోయింది అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

హైటెక్ సిటీ లేచాక ఈ రోడ్డు రోడ్డంతా రూపు మార్చుకుంది. వాళ్ళ ఊరు సురంగల్ చుట్టుపక్కల పత్తి చేన్లకి గోడలు లేచాయి, గోడల వెనక ఫార్మ్‌హౌస్‌లు లేచాయి. ప్రభాకర్ తమ్ముళ్ళు వచ్చిన ధరకి ఇచ్చేసి కార్లు కొన్నారు. ప్రభాకర్ మాత్రం అమ్మనన్నాడు. ఇంటి ముందు, రోడ్డు పక్క ఉన్న ఎకరన్నర పత్తి చేను చదును చేయించి మెక్సికన్ గడ్డి పరిపించాడు. పెళ్ళిళ్ళకి కిరాయికిచ్చే లాన్. 'అరుణా గార్డెన్స్' అని బోర్డు కూడా రాయించాడు. ఆ బోర్డు చూసి అరుణమ్మ, "అడుగన్న అడుగలే, పేరు మాత్రం రాయించిండు," అని వచ్చినవాళ్ళందరి ముందూ తిట్టింది. తిడుతూనే వాళ్ళని రోడ్డు దాకా తీసుకెళ్ళి చూపించింది.

సమత తనతో పనిచేసే సాయిదీప్‌ని చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో ఉరుములు రావాలి. రాలేదు. సాయిదీప్ వాళ్ళది చేవెళ్లలో పప్పులు, బియ్యం హోల్‌సేల్ దుకాణం. 'సేటోళ్ళింటికి పిల్లనిస్తవా?' అని చుట్టాలు మూతి తిప్పారు. ప్రభాకర్ పెద్దమనుషులందరినీ కూర్చోబెట్టి, "నా బిడ్డ లగ్గం నా భూమ్మీదనే చేస్త. లాన్ల మొదటి బోణీ నా బిడ్డదే," అని మీసం మీద చెయ్యేసి చెప్పాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటని సమతకి అప్పుడే అనుమానం రావలసింది. సంతోషంలో టెస్టింగ్ మర్చిపోయింది.

తర్వాత గరక మొలిచింది.

దిండు పక్కన ఫోన్ మోగింది. సాయిదీప్.

"లేచినవా?"

"లేపిన్రు. మా అమ్మ వానకాలంల కూడ లాన్‌కి తానం పోస్తున్నది."

అతను నవ్వలేదు. సాయిదీప్ నవ్వలేదంటే సంగతి పెద్దదే. నెట్‌వర్క్ పడిపోయినా నవ్వే మనిషతను.

"రాత్రి మా డాడీ పంతులుని పిలిపించిండు. శ్రావణంల ముహూర్తం రాయించిండు. ఇగ గిదే ఆఖరు అంటున్నడు."

"ఆఖరంటే?"

"ఉగాది దాటంగనే అన్నరు. లాన్ కాలే అన్నరు. ఎండాకాలం అన్నరు. మళ్ళ లాన్ కాలే. ఇప్పుడు మీ బాపునడిగితే ఏమంటడో నువ్వే చెప్పు."

సమత కళ్ళు మూసుకుంది. "లాన్ కాలే అంటడు."

"గడ్డి మొలువనీకె ఇన్ని నెలలా అని మా డాడీ. ఇష్టం లేనోళ్ళు గిట్లనే సాకులు చెప్తరట. శ్రావణం దాటిందంటే ఈ సంబంధం ముచ్చట ఇంట్ల ఎత్తొద్దన్నడు. నేను మస్తు కొట్లాడిన సమతా. కానీ నాకు కూడ..."

"నీకు కూడ ఏంది?"

అవతల దుకాణంలో తక్కెడ రాళ్ళ చప్పుడు వినిపించింది. "మీ బాపుకి నిజంగ ఇష్టమేనా?"

సమత ఫోన్ పెట్టేసింది. 

మొహం కూడా కడుక్కోకుండా కిందికి దిగింది. లాన్ ఆ చివర, స్టేజీ కట్టబోయే చోట, బాపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలకి తువ్వాల. చేతిలో కుర్పీ, పక్కన గంప. కుర్పీని నేలకి ఆనించి చకచకా గరక చెక్కుతున్నాడు. చెక్కింది గంపలో పడుతోంది. నిండగానే లేచాడు. గడ్డి పలచగా ఉన్న చోటికి నడిచాడు. గంపలోంచి పిడికెడు పిడికెడు తీసి, విత్తనాలు చల్లినంత నెమ్మదిగా ఆ గరకనంతా మళ్ళీ లాన్ మీదే చల్లాడు.

సమత వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. నెలల తరబడి అర్థం కాని సంగతులన్నీ ఆ ఒక్క నిమిషంలో వరసగా వచ్చి కూర్చున్నాయి. కూలీలని పిలుస్తానంటే వద్దన్నాడు. తను మాదాపూర్ నుంచి తోటమాలిని తీసుకొస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపాడు. తను లాగబోతే, 'నీ పని నువ్వు చూసుకో బిడ్డా, చేతులు పాడైతయి,' అన్నాడు. ఎంత ప్రేమ అనుకుంది! ఆమెకి ఒళ్ళు మండింది. విసవిసా లాన్ దాటి అతని ముందుకెళ్ళి నిలబడింది.

"ఏం చేస్తున్నవ్ బాపు?"

"కనవడ్తలేదా? కలుపు తీస్తున్న."

"తీస్తున్నవా, ఏస్తున్నవా?"

ప్రభాకర్ తలెత్తాడు. "పొద్దుగాలనే నెత్తి ఖరాబైందా?"

అరుణమ్మ పైపు పట్టుకునే అటు తిరిగింది. "మొదలువెట్టిన్రా తండ్రీబిడ్డలు? జర చాయ్ తాగి కొట్లాడుకోండ్రి. ఒట్టి కడుపుతోని కొట్లాడితే పైత్యం చేస్తది."

"అమ్మా, నువ్వాగు. బాపూ, ఎండలు ముదిరినప్పుడు గరక. నడి ఎండల గరక. ఇప్పుడు గరక. పుట్టి బుద్ధెరిగినప్పటి సంది ఎవుసం చేసినోడివి. పత్తి చేన్ల ఒక్క పోచ ఉండనియ్యకపోతివి. గింత లాన్ల గరక పోతలేదంటే నేను నమ్మాలెనా?"

"ఇది మొండి గరక."

"మొండిది గరక కాదు."

"మాటలు సక్కగ రానియ్యి బిడ్డా."

"తోటమాలిని ఎందుకు ఎల్లగొట్టినవ్?"

"వాడు గడ్డి మందు కొడ్తన్నడు. ఏది గరకో ఏది మెక్సికనో మందుకి ఎరుకుంటదా? మొత్తం మాడ్తది."

"మందు వద్దు, కూలోళ్ళు వద్దు, నేను వద్దు! నువ్వొక్కనివే గంపల కెళ్ళి తీసి మళ్ళ సల్లుడు. నా కండ్లార చూసిన. లాన్ కాకుంటే లగ్గం కాదు. లగ్గం కాకుంటే సేటు పిలగాడు వాని తొవ్వ వాడు చూసుకుంటడు. గదే గద నీకు కావల్సింది? ఇష్టం లేకుంటే ఆ దినమే లేదనాలె. పెద్దమనుషుల ముంగట మీసం తిప్పి, ఈడికొచ్చి గరక సాటుకి దాసుకునుడెందుకు?"

గొంతు చివర్లో పగిలింది. 

"నేను... దాసుకున్ననా?" ప్రభాకర్ ఖాళీ గంపని చూశాడు, కూతురిని చూశాడు. కోపం రావలసిన చోట అతని మొహంలో అయోమయం కనిపించింది. "చెక్కిన కలుపు చేన్లనే ఏస్తరు. ఎండకి మాడి ఎరువైతది. మా నాయన గట్లనే చేసిండు, నేను గట్లనే చేసిన. ఈడ గడ్డి పల్సగున్నదని జర ఎక్కువ ఏసిన."

"ఎరువా! గీ కథలు నాకు చెప్పకు. పోయిన వారం నువ్వేసిన ఎరువు గిదే గద?"

కాళ్ళ దగ్గర పడున్న గరక తీగ ఒకటి వాడిపోయి పసుపురంగుకి తిరిగి ఉంది. దాన్నెత్తి అతని గంపలోకి విసిరికొట్టాలని వంగింది. రాలేదు. గట్టిగా లాగింది. పుటుక్కున తెగి సగం చేతిలోకి వచ్చింది. మిగతా సగం నేలని పట్టుకునే ఉంది.

సమత మోకాళ్ళ మీద కూర్చుని గోటితో తవ్వింది. తెగిన తీగకి కణుపు దగ్గర తెల్లటి వేళ్ళు, దారపు పోగుల్లా. పక్క కణుపుకీ వేళ్ళే. ఆ పక్కదానికీ.

"బాపూ," అంది, గొంతు మారిపోయి. "ఇది సచ్చిపోలే."

ప్రభాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంకో ముక్క పట్టుకుని లాగాడు. వేరు. ఇంకొకటి. వేరు. పలచగా ఉన్నదని చల్లిన చోటంతా, కుర్పీ ఎన్ని ముక్కలు చేసిందో అన్ని మొక్కలు.

"చేన్ల అయితే మాపటికల్ల మాడి పొడైతుండె," అన్నాడు తనలో తను.

"చేన్ల పొద్దుమాపు పైపు పెట్టం గద బాపు."

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. అరుణమ్మ పైపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నీళ్ళు ఆమె పాదాల మీదుగా గరకలోకి చల్లగా పారుతున్నాయి.

"నా దిక్కేం చూస్తున్రు? నర్సరోళ్ళు తడుపుమన్నరు, నేను తడుపుతున్న!"

"నీ తప్పేం లేదమ్మా. ఆయన చెక్కుతడు, నువ్వు తడుపుతవ్. మండలమంత ఎతికినా గింత మంచిగ గరక పెంచే జంట దొరకదు."

 అరుణమ్మ వెళ్ళి నల్లా కట్టేసి వచ్చింది.

ప్రభాకర్ తడి నేల మీదే చతికిలబడ్డాడు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. సమత అప్పుడే చూసింది. పాత కాయల మీద కొత్త బొబ్బలు. ఒకటి చిట్లి ఎర్రబడి ఉంది. నటించేవాడికి ఇన్ని బొబ్బలెక్కవు.

"నా చేతుల్తోని నేనే నాటుకున్ననా దీన్ని?" అన్నాడు. "రోజు పొద్దుగాల లేసి నాటుకున్ననా?"

"బాపూ..."

"ఊర్ల ఎవ్వనికీ చెప్పకు బిడ్డా. ప్రభాకర్‌కి కలుపు తీసుడు రాదంటే నవ్వుతరు."

"నేను గట్ల అనకుండాల్సుండె బాపు. తప్పైంది."

ప్రభాకర్ తల అడ్డంగా ఊపాడు. "నువ్వన్న దాంట్ల సగం నిజమే. నాకు ఈ లగ్గం నచ్చలే."

అరుణమ్మ "ఏమయ్యా!" అని ఒక అడుగు ముందుకేసింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"చెప్పనియ్యే. ఇప్పటికి కూడ నచ్చలే. పిలగాడు మంచోడే కావచ్చు. కానీ ఎన్నడు మట్టి ముట్టనోళ్ళ ఇంటికి నా బిడ్డనిస్తనని నేను కలల కూడ అనుకోలే. మనసు ఒప్పుకుంటలేదు. దానికి నేనేం చేయాలె? మనసు ముచ్చట వేరే, మాట ముచ్చట వేరే. ఇస్తనన్న. నా భూమ్మీద ఇస్తనన్న. ఇది పచ్చగుంటే, నవ్వినోళ్ళంత ఈడ చెప్పులిప్పి నడుస్తరనుకున్న. గందుకే పొద్దున లేసి దీని ఎంబడి పడ్తున్న." అతను కూతురి వైపు తిరిగాడు. "నాకు వద్దనిపిస్తే నీ మొఖం మీదనే వద్దంటుంటి. గరక ఎనుక దాసుకునేటంత సన్న మనిషినా నేను?"

 ఒప్పుకున్నవాడికి మనసులో కూడా ఒప్పుదలే ఉంటుందనుకుంది సమత ఇన్నాళ్ళూ. లేదని అనుమానం రాగానే కుట్ర అనుకుంది. ఇష్టం లేకుండానే ఒక మనిషి ఇంత కష్టం చెయ్యగలడని మాత్రం ఆమె బుర్రకి తట్టలేదు. చేతిలో తెగిన గరక పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ప్రభాకర్ ఆమె కన్నీళ్ళు పడుతున్న గరక వైపు చూశాడు.

"ఆడ ఏడ్వకు బిడ్డా," అన్నాడు. "దానికి గా తడి కూడ సాలు."

ఏడుపు మధ్యలోనే సమత ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అరుణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "మీ ఇద్దరికీ బుద్ధి లేదు," అని తీర్పు చెప్పి చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

చాయ్ తాగుతూ సమత శ్రావణం ముహూర్తం సంగతి చెప్పాక, ప్రభాకర్ ఆమె ఫోన్ అడిగి తీసుకుని సాయిదీప్ తండ్రికి చేశాడు. "రామేశ్వర్ సేటూ? నేను ప్రభాకర్‌ని. నమస్తే. శ్రావణంల ముహూర్తం రాయించిన్రట గద, అదే ఖాయం... లే, లాన్ కాలే. గరక ఉన్నా లేకున్నా లగ్గమైతే అయితది. ఫికర్ చేయకుండ్రి."

ఫోన్ తిరిగి తీసుకుని సమత సాయిదీప్‌కి చేసింది. "మీ గోడౌన్ల ఖాళీ గోనె సంచులు ఎన్నుంటే అన్ని తీసుకొని రా. మంచి ప్యాంటు ఏసుకోకు."

మంచి ప్యాంటే వేసుకొచ్చాడు. స్కూటర్ వెనక గోనె సంచుల మోపు. ప్రభాకర్ అతన్ని కిందా మీదా చూశాడు.

"కూసో సేటూ."

సాయిదీప్ చుట్టూ చూశాడు. "ఏడ అంకుల్?"

"కుర్చీలు లగ్గం దినం వస్తయి. ఇయ్యాల నేలనే."

సాయిదీప్‌కి గొంతుక్కూర్చోవడం రాదు. ఒకసారి వెనక్కి పడ్డాడు, ఒకసారి ముందుకి. చివరికి మోకాళ్ళ మీద వంగాడు. ప్రభాకర్ కుర్పీని గోడవతలికి విసిరేశాడు. ఇక చెక్కడం లేదు. తీగ కొస పట్టుకుని, వేలితో మట్టి వదులు చేసుకుంటూ కణుపు వెంబడి కణుపు వెళ్ళి, చివరి వేరు దాకా తీగ తెగకుండా తియ్యాలి. తీసింది నేల మీద పెట్టకూడదు. నేరుగా సంచిలోకి.

"తెంపినవ్," అన్నాడు ప్రభాకర్.

"చిన్న ముక్కనే అంకుల్."

"మీ దుకాణంల చారెడు పప్పు కింద పడితే ఇడిచిపెడ్తరా?"

"లే. ఏరుకుంటం."

"మరి ఏరు."

సాయిదీప్ ఏరాడు. మధ్యాహ్నానికి అతని ప్యాంటు ఎర్రమట్టి రంగుకి తిరిగింది. సాయంత్రానికి ఒక తీగని ఈ కొస నుంచి ఆ కొస దాకా చెయ్యంత పొడవు తెగకుండా లాగి, పరీక్ష పాసైనవాడిలా పైకెత్తి చూపించాడు.  ప్రభాకర్ సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అంతే. మధ్యలో సమత రెండుసార్లు విసిగిపోయి సంచి కాలితో తన్నింది. నిన్న శుభ్రం చేసిన చోట ఇవాళ పచ్చటి ముల్లులా కొత్త పిలక కనిపిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. నీళ్ళు పోసే పని పోయిన అరుణమ్మ వెనకే తిరుగుతూ ఎవరి చేతిలోంచి ఏ ముక్క జారిందో చెప్పి అందరి ప్రాణాలు తోడింది. అల్లుడి మీద కూడా జాలి పడలేదు. "బాబూ, నీ మడిమె కింద ఒకటున్నది. ఆఁ, గాడనే. దాసకు."

శ్రావణంలో పెళ్ళి ముహూర్తం వేళకి లాన్ తివాచీలా ఏమీ లేదు. గరక పీకిన చోట్ల గుండు గీసినట్టు ఎర్ర మచ్చలు. అరుణమ్మ వాటి మీద జంపఖానాలు పరిపించింది. చుట్టాలు వచ్చారు. మూతి తిప్పినవాళ్ళూ వచ్చి, వడ్డించినవన్నీ తిని, మచ్చల గురించి మాట్లాడుకున్నారు. ప్రభాకర్ వినిపించుకోలేదు. తెల్ల చొక్కా, తెల్ల ధోవతితో లాన్ అంతా తిరుగుతున్నాడు. నాలుగడుగులకోసారి వంగుతున్నాడు. ఎవరి కాళ్ళకో దండం పెడుతున్నాడేమో అనుకున్నారు దూరంగా ఉన్నవాళ్ళు.

తలంబ్రాలయ్యాక ఫొటోల కోసం అతను స్టేజీ దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబు ఉబ్బిపోయి ఉంది.

"బాపూ, చుట్టాలిచ్చిన కట్నం కవర్లు జేబుల పెట్టుకొని తిరుగుతున్నవేంది? అమ్మకియ్యి."

"కవర్లు కావు," అన్నాడు ప్రభాకర్, జేబు మీద చెయ్యేసుకుని.

తెల్లటి గుడ్డలోంచి పచ్చటి మరక పైకి తేలుతోంది.  జీవితమంతా కలుపు నేల మీద పారేసిన మనిషి, బిడ్డ పెళ్ళి నాడు ఒక్క పోచ కింద పడనివ్వకుండా గుండె మీద మోస్తున్నాడు.

ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండ్రి" అన్నాడు. పెళ్ళికొడుకు చూడలేదు. బాసికం కట్టుకున్న సాయిదీప్ స్టేజీ మెట్టు పక్కన దేన్నో చూసి కిందికి దిగి, పట్టుపంచె సర్దుకుని గొంతుక్కూర్చున్నాడు. ఈసారి పడలేదు. మట్టిలో వేలు పెట్టి నెమ్మదిగా లాగాడు. తీగ తెగకుండా, వేరుతో సహా వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

ప్రభాకర్ జేబు తెరిచి పట్టుకున్నాడు.

"ఇటు తే బిడ్డా," అన్నాడు.